లెక్క సరే, బస్సులెన్ని?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల ప్రస్తావన అయ్యాక నాకు తరచూ వినబడే మాట ఒకటుంది: “మావాడికి చదువు బాగానే వస్తుందండీ, ఇంగితమే లేదు.” చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెతను తోడు తెచ్చుకునేవారూ ఉన్నారు. ఈ మాటను నేను తేలికగా తీసుకోను గానీ, ఇంగితజ్ఞానం కొందరికి పుట్టుకతో వచ్చి, మరికొందరికి రాకుండా పోయే గుణమన్న అభిప్రాయంతో మాత్రం ఏకీభవించలేను. తెలిసిన విషయాన్నీ, ఎదురుగా ఉన్న పరిస్థితినీ కలిపి చూసి అక్కడికి తగిన పని చేయడమే ఇంగితమైతే, అది చేయగా చేయగా వచ్చేదే. ఆ అలవాటు పడకుండా ఇంట్లోనూ, బడిలోనూ పెద్దలమే అడ్డుపడుతున్నామేమోనని నా అనుమానం.

అమెరికాలో 1983లో జాతీయ స్థాయి గణిత పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఇచ్చిన ఒక లెక్క ఉపాధ్యాయులలో బాగా ప్రసిద్ధం. ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు. 1,128 మందిని తీసుకువెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి? సుమారు 70 శాతం మంది భాగహారం సరిగానే చేశారు. అయినా 32 బస్సులని రాసినవారు 23 శాతమే. 29 శాతం మంది ‘31, శేషం 12’ అని రాయగా, 18 శాతం మంది శేషాన్ని వదిలేసి 31తో సరిపెట్టారు. శేషం 12 అంటే బస్సు దొరకక రోడ్డు మీద నిలబడిన పన్నెండు మంది మనుషులని వారికి తట్టలేదు. వీరిలో చాలామందికి లెక్క వచ్చు. లెక్క అయిపోయాక ఒకసారి తలెత్తి చూడాలని మాత్రం ఎవరూ అలవాటు చేయలేదు.

ఇదే లెక్కను మా గణితం టీచరు విహారయాత్రగా మార్చి ఏడో తరగతికి ఇచ్చారు. శేషం రాసి ఊరుకున్నవారు మన దగ్గరా ఉన్నారు. ఒక అమ్మాయి మాత్రం 31 బస్సులు చాలని రాసి, పక్కనే “మిగిలిన పన్నెండు మందీ సర్దుకుంటారు” అని చేర్చింది. షేర్ ఆటోలు చూస్తూ పెరిగిన పిల్ల కదా! పన్నెండు బస్సుల్లో ఒక్కొక్కరు అదనంగా కూర్చుంటే సరిపోతుందని అడిగినప్పుడు వివరించింది కూడా. పరిమితికి మించి ఎక్కించకూడదని టీచరు నచ్చజెప్పవలసి వచ్చింది, మార్కూ రాలేదు. అయినా ఆ పన్నెండు మంది ఏమవుతారని ఆలోచించిన ఆ జవాబే నాకు మిగతావాటికంటే ఎక్కువ నచ్చింది.

అలాగని ఇంగితం ఒక్కటే అన్నిటికీ చాలదు. ఇనుప తీగ దండెం మీద తడిబట్టలు ఆరేస్తూ కరెంటు షాక్‌కు గురైనవారి వార్తలు మనం చదువుతూనే ఉంటాం. కాపాడబోయి పట్టుకున్న మనిషి కూడా ప్రాణం పోగొట్టుకున్న సంఘటనలు వాటిలో ఉంటాయి. కళ్లెదుట మనిషి విలవిల్లాడుతుంటే చేయి అందించాలనిపించడం సహజమే గానీ, అక్కడ ముందుగా చేయవలసింది మెయిన్ స్విచ్ ఆపడం. చేయి కాలగానే టూత్‌పేస్టో, సిరానో పూయడం కూడా ఇలాంటిదే; కాలినచోట ఇరవై నిమిషాలపాటు చల్లని నీటి ధార పడనివ్వాలి. ఇటువంటివి ఆ క్షణంలో ఆలోచించి తెలుసుకునేవి కావు, ముందే నేర్చుకుని ఉండవలసినవి.

ఇక మా గేటు దగ్గరి విషయం. రోజూ పదిన్నర ప్రాంతంలో స్కూటరు ఆపి, మరచిపోయిన జామెట్రీ బాక్సునో, రికార్డు పుస్తకాన్నో వాచ్‌మన్ చేతికిచ్చి హడావుడిగా ఆఫీసుకు వెళ్లే తండ్రులు కొందరున్నారు. వారి ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఆ పెట్టె రాకపోతే ఆ పిల్లవాడు పక్కవాడిని అడిగి తీసుకుంటాడు, లేదా టీచరుతో నిజం చెప్పి రెండు మాటలు పడతాడు. ఏది చేయాలో తేల్చుకోవలసింది అతడే. ఆ అవకాశాన్ని స్కూటరు మీద వచ్చి మనమే లాగేసుకుంటున్నాం. అందువల్ల దసరా సెలవుల తర్వాత మందులు, కళ్లద్దాలు, భోజనం తప్ప మరేవీ గేటు వద్ద తీసుకోవద్దని సిబ్బందికి చెప్పాను. మొదటి వారం కొన్ని ఫిర్యాదులు వస్తాయని తెలుసు, వినడానికి సిద్ధంగానే ఉన్నాను.

సెలవులకు ఈసారి రాతపని తగ్గించాం. దానికి బదులుగా పిల్లలకు చీటీ, డబ్బులు ఇచ్చి కిరాణా కొట్టుకు పంపండి. చీటీలోని సరుకు దొరకకపోతే ఏం తేవాలో వారినే నిర్ణయించనివ్వండి, పొరపాటు సరుకు తెచ్చినా ఆ పూటకు దానితోనే వండుకోండి. ఓటీపీ అడుగుతూ ఫోను వస్తే వెంటనే పెట్టేసి, జరిగింది పిల్లలకు వివరించండి. ఆరో తరగతి, ఆపై తరగతుల పిల్లలకు ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో, గ్యాస్ రెగ్యులేటర్ ఎలా ఆపాలో, 112కు ఎప్పుడు ఫోను చేయాలో, సైబర్ మోసం జరిగితే 1930 ఎందుకో దగ్గరుండి చూపించండి. బడి తెరిచిన వారంలో తరగతి ఉపాధ్యాయులు వీటి గురించి పిల్లలను అడుగుతారు. దీనికి మార్కులు ఉండవు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు