ఆదివారం మూసీ శాంపిళ్లు: అన్ని చోట్లా ఉదయం 7కే

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం బాపూఘాట్, పురానాపూల్, చాదర్‌ఘాట్, నాగోల్, ప్రతాపసింగారం ఐదు చోట్లా సరిగ్గా 7 గంటలకే నీళ్లు పట్టాలి. పోయినసారి నాగోల్‌లో మధ్యాహ్నం పట్టాం. ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది, రీడింగ్ పెరుగుతుంది. పొద్దున తీసిన బాపూఘాట్ లెక్కతో పోల్చడానికి లేకుండా పోయింది. అంత కష్టం వృథా అయిందని నాకు చాలా బాధేసింది.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే సీసా దగ్గర మాత్రం తొందరపడొద్దు. నీళ్లలో ముంచి, వాలుగా పట్టుకుని, మెల్లగా నిండనిచ్చి, లోపలే మూత పెట్టండి. తలకిందులు చేసి చూడండి. కందిగింజంత బుడగ కనిపించినా పారబోసి మళ్లీ పట్టాల్సిందే. ఆక్సిజన్ పరీక్షకిచ్చే రెండు రసాయనాలూ గట్టు మీదే వేయాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టే. స్నానానికి పనికిరావాలంటేనే లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి.

కోలిఫాం (మురుగులో ఉండే బ్యాక్టీరియా) పరీక్ష సీసాలు ఐస్ పెట్టెలో. గ్లౌజులు తప్పనిసరి.

కింద వలిగొండ వైపు రైతులు ఈ నీళ్లతోనే వరి పండిస్తున్నారు. వాళ్లు అడిగితే చూపించడానికి మన దగ్గర సరైన లెక్క ఉండాలి కదా.

నాగోల్‌కి ఇంకొకరు కావాలి. శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి.