తూటాను మింగే కొండ ఏదీ?

సంపాదకులకు,

కృష్ణజింకలు పొలాల మీద పడినప్పుడల్లా ‘స్కాట్లాండ్ ఎస్టేట్లలో, అంటే పెద్ద ప్రైవేటు భూముల్లో, లైసెన్సులిచ్చి జింకల్ని కాల్పించడం లేదా, మన దగ్గరా అలాగే చేస్తే పోలా’ అన్న మాట వినిపిస్తుంది. రైతు బాధ నిజమే. మొలకెత్తిన పత్తిని, కందిని మంద ఒక్క పూట మేసిందంటే మళ్లీ విత్తనాలు కొనాల్సిందే. కానీ అక్కడి పద్ధతి తెలిసినవాళ్లు ఆ మాట అంత తేలిగ్గా అనరు.

అక్కడ పోలీసులిచ్చే సర్టిఫికెట్ తుపాకీకి. ఏ క్యాలిబర్, ఎన్ని తూటాలన్నది అందులోనే ఉంటుంది. జింకను కాల్చడానికి భూయజమాని అనుమతి వేరే కావాలి. అక్కడి పెద్ద జింక రెడ్ డీర్. వాటిలో ఆడవాటికి స్కాట్లాండ్‌లో వేట సీజను అక్టోబరు 21 నుంచి ఫిబ్రవరి 15 వరకే. అంతకుముందు పిల్లలు తల్లిపాల మీద ఉంటాయి. డబ్బు కట్టి వచ్చే అతిథి కొమ్ములున్న మగదాన్నే అడుగుతాడు గానీ, మంద తగ్గాలంటే కొట్టాల్సింది ఆడవాటిని.

కొండెక్కే ముందు అతిథి చేత గురి పలక మీద కాల్పిస్తారు. తూటా పక్కకు పోతోందంటే అది సరయ్యేదాకా కదలరు. ఎస్టేటు స్టాకర్, అంటే జింక దగ్గరికి దారి చూపే వేటగాడు, గడ్డిపరకలు వదిలి గాలివాటం చూస్తూ ముందు నడుస్తాడు. జింక పక్కకు తిరిగి నిలబడాలి. గురి ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తుల మీద. నేల మీద లేత గులాబీ నురగ కనిపిస్తే ఊపిరితిత్తికి తగిలినట్టు. పచ్చటి పసరు కనిపిస్తే పొట్టకు తగిలిందన్నమాట. అప్పుడది ఎంతో దూరం పోయి యాతనపడి చస్తుంది, మాంసమూ పాడవుతుంది. వాసన పట్టే కుక్క లేకుండా వెతకడం కష్టం. పడినదానికి అక్కడికక్కడే అన్నవాహిక ముడేసి, పొట్టా పేగులూ తీసి, జబ్బు ఆనవాళ్లు చూసి, 7 డిగ్రీలు మించని చల్లగదికి చేర్చాలి.

వీటన్నిటికన్నా పెద్ద షరతు, జింక వెనక మట్టి ఉండాలి. శిఖరం అంచున ఆకాశానికి ఎదురుగా నిలబడ్డదాన్ని స్టాకర్ కాల్చనివ్వడు. అడ్డం లేకపోతే రైఫిల్ తూటా మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. అక్కడ కొండవాలు దాన్ని మింగుతుంది. మక్తల్ వైపు నల్లరేగడిలో ఏ కొండ మింగుతుంది? ఆ దూరంలో కలుపు తీసే కూలీలుంటారు, మేకల కాపర్లుంటారు, పక్క ఊరే ఉంటుంది.

చట్టమూ అడ్డమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింకది మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితా. పంట తిన్నదన్న కారణంతో దాన్ని చంపడానికి రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కూడా అనుమతి ఇవ్వలేరు. అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది, దానికి పంట నష్టం చూపితే సరిపోతుంది. రెండిటినీ ఒకే గాటన కట్టి అడిగితే అర్జీ మొదటి బల్ల దాటదు.

అడగాల్సింది పట్టి తరలించమని. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లాలో హెలికాప్టర్‌తో అదిలించి, గరాటులా కట్టిన దడిలోకి తోలి, బళ్లెక్కించారు. దడికి వల కాదు, అవతలిది కనిపించని గుడ్డ కట్టాలి. కనిపిస్తే దూకుతాయి. కోతలయ్యాక, చలికాలం పొద్దుటి పూటే చేయాలి. ఎండలో తరిమితే బెదురుకు, వడకు తట్టుకోలేక బండిలోనే చస్తాయి.

– ఒక పాఠకుడు, నారాయణపేట జిల్లా