మౌస్ పట్టే చేతుల కోసం: ఆదివారం మీటింగ్

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు తిరుపతి బైరాగిపట్టెడలో, మన అపార్ట్‌మెంట్ కింద హాల్లో కలుద్దాం. ఫిజియోథెరపీ డాక్టర్ గారు వచ్చి చేతి వ్యాయామాలు చూపిస్తారు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు, డీటీపీ చేసే అక్కలు, ప్రాజెక్టుల్లో ఉన్న పిల్లలు తప్పకుండా రండి. మీ మౌస్ కూడా తెచ్చుకోండి. చేతికి మరీ చిన్నదైతే వేళ్లు ముడుచుకునే ఉంటాయి, నొప్పి అక్కడే మొదలవుతుంది.

అప్పటిదాకా ఈ మార్పులు చేయండి. మౌస్ కీబోర్డు పక్కనే, మోచేతి ఎత్తులో ఉండాలి. మణికట్టు వంచకుండా మోచేయి నుంచి చేయి కదపండి. సెట్టింగ్స్‌లో పాయింటర్ స్పీడ్ పెంచితే చేతికి తిరుగుడు తగ్గుతుంది. కాపీ, పేస్ట్‌కు కంట్రోల్ సి, కంట్రోల్ వి వాడండి. అరగంటకోసారి మౌస్ వదిలి వేళ్లు చాపండి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేస్తున్నారా? మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు. బామ్ రాసి ఊరుకోకండి, ఆదివారం దాకా ఆగకండి, రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో చూపించుకోండి. ఆలస్యమైతే పట్టు తగ్గిపోతుంది.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి, కుర్చీలు వేయించాలి.