ఓటమికి భయపడేది బాక్సరా, వ్యాపారమా?

సంపాదకులకు నమస్కారం.

ప్రొఫెషనల్ బాక్సింగ్ పని అయిపోయిందనీ, పేరున్న బాక్సర్లు ఒకరికొకరు ఎదురుపడటానికి భయపడుతున్నారనీ మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివి పది రోజులైంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. వ్యాసంలో సగం నిజమే. జరగాల్సిన బౌట్లు (రింగులో ఇద్దరి మధ్య పోటీలు) జరగడం లేదు, జరిగినా వేళ మించిపోయాక జరుగుతున్నాయి. కానీ ఆ తప్పంతా బాక్సర్ల పిరికితనం మీద నెట్టేసి ఊరుకోవడం అన్యాయం. మొహం పగిలినా సరే అని రింగు ఎక్కేవాణ్ని పిరికివాడు అనడానికి మనకు నోరెలా వస్తుంది?

1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చినప్పుడు మా నాయన నన్ను చిత్తూరు నుంచి బస్సులో తీసుకెళ్లాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన బౌట్. మేమున్న చోటికి రింగు అగ్గిపెట్టెంత కనబడింది. ముందున్నవాళ్ల తలలు అడ్డమొస్తుంటే నాయన నా నడుం పట్టుకుని పైకెత్తాడు. అంత ఎండలో వెళ్లి నేను చూసింది ఆ కాసేపే. తిరుగు బస్సులో రాణిపేట దాటేదాకా ఆయన అలీ ఓడిపోయిన బౌట్ల గురించే చెప్పాడు. "71లో ఫ్రేజియర్ చేతిలో ఓడినాడు, 73లో నార్టన్ దవడ పగలగొట్టినాడు. అయినా ఇద్దర్నీ మళ్లీ పిలిచి కొట్లాడినాడు చూడు రా" అన్నాడు. సైకిల్ షాపు నడుపుకొనే మనిషి ఆయన. బాక్సింగ్ గురించి పేపర్లో చదివిందే తప్ప వేరే ఏమీ తెలియదు. చాంపియన్ అంటే ఎవరో మాత్రం ఆయనకు తెలుసు.

అలీ, ఫ్రేజియర్ అయిదేళ్లు తిరక్కముందే మూడుసార్లు తలపడ్డారు. 1971 మార్చిలో, 1974 జనవరిలో, 1975 అక్టోబరులో మనీలాలో. అంతకుముందు సంగతి ఇంకా గొప్పది. షుగర్ రే రాబిన్సన్ వరుసగా నలభై బౌట్లు గెలిచి 1943 ఫిబ్రవరి 5న మొదటిసారి జేక్ లమొటా చేతిలో ఓడాడు. మూడు వారాలకే, అదే నెల 26న, మళ్లీ లమొటాతోనే తలపడి గెలిచాడు. ఈ రోజుల్లో అయితే ఆ రెండో బౌట్ కోసం లాయర్లు కూర్చుని మాట్లాడుకోవడానికే రెండేళ్లు పడుతుంది.

ఇప్పుడేం జరుగుతోందో చూడండి. అమెరికా బాక్సర్ మేవెదర్, ఫిలిప్పీన్స్ బాక్సర్ పాకియావ్ బౌట్ గురించి మాటలు మొదలైంది 2009 చివర్లో. డోపింగ్ పట్టుకునే రక్త పరీక్షల దగ్గర పేచీ, డబ్బు పంపకం దగ్గర పేచీ, టీవీ చానళ్ల పేచీ. చివరికి 2015 మే 2న లాస్ వేగాస్‌లో జరిగింది. అప్పటికి ఒకరికి 38 ఏళ్లు, ఇంకొకరికి 36. మనకు ఆదివారం ఉదయం. మా ఇంట్లో పదకొండుమందిమి ఇడ్లీ పొట్లాలు తెచ్చుకుని టీవీ ముందు కూర్చున్నాం. పన్నెండు రౌండ్లూ అయిపోయాయి, ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదు. అమెరికాలో దాన్ని చూడటానికి ఒక్కో ఇంటికి దాదాపు వంద డాలర్లు తీసుకున్నారు. 46 లక్షల కనెక్షన్లు అమ్ముడుపోయాయి. తర్వాత పాకియావ్ తన భుజానికి గాయం ఉందన్నాడు. 2010లో జరగాల్సిన బౌట్‌ను అయిదేళ్లు నాన్చి, రసం పిండేసిన చెరకు పిప్పిని జనానికి అమ్మారు. అంత లాభం వచ్చాక బౌట్లు ఏర్పాటుచేసే మిగతా ప్రమోటర్లకు అర్థమైంది ఒక్కటే, ఎంత ఆలస్యం చేస్తే అంత డబ్బు.

దీనికి మూలం రికార్డులో ఉండే సున్నా. ఒక్క బౌట్ కూడా ఓడలేదంటే ఆ బాక్సర్‌కు ఒక ధర, ఒక్కసారి ఓడాడంటే వేరే ధర. ఆ సున్నాను కాపాడటమే మేనేజర్ పని అయిపోయింది. రాకీ మార్సియానో 49 గెలిచి ఒక్కటీ ఓడకుండా రిటైరయ్యాడు. ఆ లెక్క దాటించిన మేవెదర్ యాభయ్యో గెలుపు ఎవరి మీద? 2017లో, అంతకుముందు ఒక్క ప్రొఫెషనల్ బాక్సింగ్ బౌట్ కూడా ఆడని కానర్ మెక్‌గ్రెగర్ మీద. 56 గెలిచి 5 ఓడిన అలీని ప్రపంచమంతా గొప్పవాడంటోంది. అయిదు ఓటములతో ఆయన పేరు కాస్తయినా తగ్గిందా?

బెల్టుల సంగతికొస్తే అది ఇంకో దుకాణం. ఒకప్పుడు ఎనిమిది వెయిట్ కేటగిరీలు, ఎనిమిది మంది చాంపియన్లు. ఇప్పుడు పదిహేడు కేటగిరీలు. ఒక్కో దానికి డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు. అవి చాలక సూపర్ అనీ, రెగ్యులర్ అనీ, ఇంటెరిమ్ అనీ మరికొన్ని. బెల్టు కోసం జరిగే ప్రతి బౌట్‌లో బాక్సర్‌కు వచ్చే డబ్బులోంచి సంస్థకు వాటా వెళుతుంది. అలాంటప్పుడు నలుగురు చాంపియన్లను ఒక్కరు చేయాలని ఏ సంస్థకు ఉంటుంది?

పిరికితనం అన్నారు కదా, ఉక్రెయిన్ హెవీవెయిట్ ఉసిక్ సంగతి ఏమంటారు? బ్రిటన్ హెవీవెయిట్లు జాషువా, ఫ్యూరీ 2021లో సౌదీలో తలపడతారని ఊదరగొట్టారు. మాటలు కోటలు దాటాయి, కాళ్లు గడప దాటలేదు. ఫ్యూరీ ముందు అమెరికా బాక్సర్ వైల్డర్‌తో మూడోసారి ఆడి తీరాలని మధ్యవర్తి తీర్పు ఇవ్వడంతో అది ఆగిపోయింది. ఉసిక్ మాత్రం లండన్ వెళ్లి జాషువాను ఓడించాడు, మళ్లీ ఓడించాడు. 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టులూ ఒక్కడే గెలుచుకున్నాడు. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత హెవీవెయిట్‌లో తిరుగులేని చాంపియన్ అంటూ ఒకరు తేలడానికి పాతికేళ్లు పట్టింది. అది ఎన్నాళ్లు నిలిచింది? నెల దాటి కొద్దిరోజులు. ఫ్యూరీతో రీమ్యాచ్ ఒప్పందం ఒకవైపు, తాము చెప్పిన ప్రత్యర్థితోనే ఆడాలన్న ఐబీఎఫ్ నియమాలు ఇంకోవైపు. జూన్‌లోనే ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. అందరితో తలపడినవాడికి దక్కిన మర్యాద ఇది. ఈ ముక్క మీ వ్యాసంలో లేకపోవడం నాకు బాధ కలిగించింది.

పాతకాలంలో తప్పించుకోలేదని నేను అనడం లేదు. జాక్ డెంప్సీ చాంపియన్‌గా ఉండి కూడా నల్లజాతి బాక్సర్ హ్యారీ విల్స్‌తో ఒక్కసారీ తలపడలేదు. 1992లో రిడిక్ బోవ్ లూయిస్‌తో ఆడకుండా డబ్ల్యూబీసీ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. అప్పట్లో దాన్ని జనం తప్పుగా చూశారు. ఇప్పుడు అదే తెలివైన కెరీర్ ప్లానింగ్ అయింది.

అమెరికా గొడవ మనకెందుకు అంటారేమో. ఆ జబ్బు మన జిల్లాలోకీ వచ్చింది కాబట్టే రాస్తున్నాను. కిందటేడు మా మనవరాల్ని స్కూలు స్థాయి బాక్సింగ్ సెలక్షన్లకు తీసుకెళ్లాను. పొద్దున ఆరింటికి బయల్దేరాం. బరువు పెరుగుతుందేమో అన్న టెన్షన్‌తో ఆ పిల్ల మంచినీళ్లు కూడా తాగలేదు. దాని కేటగిరీలో ముగ్గురి పేర్లు రాసుకున్నారు, మిగతా ఇద్దరూ తూకానికే రాలేదు. చేతులకు బ్యాండేజీ చుట్టుకుని రెండు గంటలు సిమెంటు మెట్ల మీద కూర్చుంది. చివరికి ఒకాయన వచ్చి, వాకోవర్ అని చెప్పి, మెడల్ చేతిలో పెట్టి, సంతకం చేయించుకున్నాడు. కనీసం పక్క కేటగిరీ పిల్లతో మూడు రౌండ్లు ప్రాక్టీసుగా ఆడించండి అని నేను అడిగితే, "సర్టిఫికెట్ వస్తోంది కదా సార్, ఇంకేం కావాలి" అన్నాడు. బ్యాండేజీ విప్పి ఉండచుట్టుకుంటూ నా మనవరాలు, "ఈ మెడల్ ఇంట్లో ఎవరికీ చూపించొద్దు తాతా" అంది. అది ఇప్పటికీ దాని జడ క్లిప్పుల డబ్బాలోనే ఉంది.

ఆ రోజు అక్కడ అలా గెలిచినవాళ్లు ఎందరో నేను కళ్లారా చూశాను. స్పోర్ట్స్ కోటా సీటుకు ఆ కాగితం పనికొస్తుంది. రింగులో దెబ్బ ఎలా కాచుకోవాలో ఆ కాగితం నేర్పదు. రింగు తాళ్లు సడలిపోయి నేలకు ఆనుతున్నా పట్టించుకునే నాథుడు లేడు, రిబ్బన్ కత్తిరించే రోజు మాత్రం అందరూ వస్తారు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఏం చేసిందో ఈ అధికారులు గుర్తుచేసుకోవాలి. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్స్ ముందు, మేరీ కోమ్‌తో తనకు ట్రయల్ పెట్టమని క్రీడల మంత్రికే లేఖ రాసింది. అప్పుడు ఎందరు ఆ అమ్మాయిని తప్పుబట్టారో! డిసెంబరు 28న దిల్లీలో ట్రయల్ పెట్టారు, 9-1తో ఓడిపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, మరుసటి ఏడాది దిల్లీలో మళ్లీ అయింది. ఆ 9-1 ఓటమి నిఖత్‌ను ఆపలేదు. మన పిల్లలకు కనీసం అలా ఓడిపోయే అవకాశమైనా ఇవ్వండి అంటున్నాను.

క్రీడా శాఖ వారికి ఒక విన్నపం. సెలక్షన్ల తర్వాత పతకాల జాబితా ఒక్కటే ఇవ్వకుండా, ఏ పతకం బౌట్ ఆడి వచ్చిందో, ఏది వాకోవర్‌తో వచ్చిందో పక్కన రాసి నోటీసు బోర్డులో పెట్టండి. ఒక్కరే వచ్చిన కేటగిరీలో పక్క జిల్లా పిల్లలను పిలిపించండి. చిత్తూరు, తిరుపతి 2022లో రెండు జిల్లాలయ్యాయి కానీ మధ్య దూరం బస్సులో రెండు గంటలే. మీకూ ఒక మాట. ఇకమీదట ఫలానా పెద్ద బౌట్ ఖాయమన్న వార్త వస్తే, ఇద్దరూ సంతకాలు చేశారో లేదో చూసి వేయండి. జిల్లా సెలక్షన్లు జరిగే రోజు ఒక విలేకరిని పంపండి, సాయంత్రం ఫొటోకు కాదు, పొద్దున తూకం దగ్గరికి.

– మీ పాత పాఠకుడు, గిరింపేట, చిత్తూరు