అద్దెలు ఎంతో అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే రియల్ ఎస్టేట్ పేజీని వదలకుండా చదువుతాను. ఏ వైపు ప్లాట్ల ధరలు పెరుగుతున్నాయి, ఏ బ్యాంకులో గృహ రుణం వడ్డీ తక్కువ, ఫ్లాటు కొనేముందు ఏయే కాగితాలు చూసుకోవాలి, అన్నీ రాస్తారు. అద్దె ఊసు మాత్రం ఎత్తరు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఉద్యోగం మారి, అమ్మను వెంటబెట్టుకుని ఈ నగరానికి వచ్చాను. పెద్ద మహానగరమూ కాదు, చిన్న ఊరూ కాదు. తిరగ్గా తిరగ్గా ఇల్లు దొరికింది. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు, మీరు చేయగలిగిన ఒక పని అడగడానికి రాస్తున్నాను.

మహానగరంలో అద్దిల్లు దొరకడం లేదంటే అందరూ అయ్యో పాపం అంటారు. ఇలాంటి ఊళ్లో అంటే "ఇక్కడేం కష్టమండీ, ఎటు చూసినా ఇళ్లే కదా" అంటారు. ఇళ్లున్న మాట నిజమే. అందులో ఏది ఖాళీగా ఉంది, దానికి ఎంత ఇస్తే న్యాయం అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. పల్లెలో ఏ ఇల్లు ఖాళీయో అందరికీ తెలుసు. మహానగరంలో ఒక్క పేటలోనే ఆన్‌లైన్‌లో వందల ఇళ్లు కనిపిస్తాయి, ఓ పది చూస్తే రేటు ఎంత నడుస్తోందో అర్థమైపోతుంది. మధ్యతరహా నగరంలో ఈ రెండు వసతులూ లేవు. మంచి ఇళ్లు టులెట్ బోర్డు దాకా రావు. ఖాళీ చేసేవాళ్ల ఆఫీసులో ఎవరో, కింది పోర్షన్ వాళ్ల బంధువులో ముందే మాట్లాడేసుకుంటారు. ఆన్‌లైన్‌లో కనిపించేవి చాలావరకు బ్రోకర్లు పెట్టినవి. ఫోన్ చేస్తే "అది ఇప్పుడే అయిపోయిందమ్మా, అలాంటిదే ఇంకోటి ఉంది" అంటారు. వెళ్లి చూస్తే ఆ ఇంకోటి అలాంటిదేం కాదు, అద్దె మాత్రం దానికంటే ఎక్కువ.

ఒక ఇంటి సంగతి చెబుతాను. బ్రోకర్ ఒక అద్దె చెప్పాడు, వాచ్‌మన్ ఇంకోటి చెప్పాడు, ఓనరు గారు ఆ రెండింటికీ పైన చెప్పారు. ఖాళీ చేసి వెళ్తున్న ఆవిడ మెట్ల దగ్గర నన్ను ఆపి, తాము ఇన్నాళ్లూ కట్టింది ఎంతో చెవిలో చెప్పింది. ఓనరు గారు నన్ను అడిగిందాంట్లో అది మూడొంతులు కూడా లేదు. "ఎందుకండీ ఇంత తేడా?" అని అడిగాను. "పక్కింటాయన ఇంతే తీసుకుంటున్నాడమ్మా, మీ ఆసుపత్రి వచ్చాక రేట్లు మారిపోయాయి, డాక్టర్లు ఎంతైనా ఇస్తున్నారు" అన్నారు. నేను డాక్టర్‌ని కానండీ, రక్తం శాంపిల్స్ చూసే మనిషిని అని చెప్పుకున్నాను. పక్కింట్లో అద్దెకున్న వాళ్లను అడిగితే వాళ్లు కడుతున్నదీ తక్కువే. ఆ పక్కింటాయన పెంచాలని అనుకుంటున్నారట, ఎందుకంటే ఈ ఇంటాయన పెంచేశారని బ్రోకర్ చెప్పాడట! ఓనరు గారు అబద్ధమాడారని నేను అనను. ఆయన విన్నదే ఆయన చెప్పారు. ఒకరి నోటి నుంచి మరొకరికి వెళ్తూ పెరిగిన అంకె అది. దాని వెనక కట్టిన మనిషి ఒక్కరూ లేరు.

కాలేజీ వచ్చినా, ఫ్యాక్టరీ వచ్చినా, ఆసుపత్రి వచ్చినా ఇలాంటి ఊళ్లలో జరిగేది ఇదే. కొత్తగా వచ్చినవాళ్లలో నలుగురు బాగా సంపాదించేవాళ్లుంటే, వాళ్లిచ్చే అద్దే పేట మొత్తానికి అద్దె అయి కూర్చుంటుంది. ఆ నలుగురి చుట్టూ పనిచేసే నర్సులు, అటెండర్లు, సెక్యూరిటీ వాళ్లు, నాలాంటి వాళ్లు ఊరి చివరికి జరుగుతారు. అక్కడ అద్దె తక్కువే. కానీ నాకు నైట్ డ్యూటీలుంటాయి, ఆ టైముకి అటు బస్సుండదు. అద్దెలో మిగిలింది పెట్రోలుకి పోతుంది, అమ్మ రాత్రంతా ఒంటరిగా ఉంటుంది. ఆదాయంలో 30 శాతం మించకుండా అద్దె ఉంటే భరించగలిగినట్టే అని పత్రికల్లో సలహాలు రాస్తుంటారు కదా, ఆ లెక్కకు మూలం అమెరికాలో ఉంది. ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో ఉండే పేదల అద్దె వాళ్ల ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో అక్కడ చట్టం చేశారు, 1981లో దాన్ని 30కి పెంచారు. అందులో రాకపోకల ఖర్చు లేదు. ఊరి చివర ఉండేవాళ్లకు అది అక్కరకొచ్చే లెక్క కాదు.

అద్దె అని చెప్పేది కూడా పూర్తి అద్దె కాదు. మెయింటెనెన్స్ వేరు, నీళ్లు వేరు, కరెంటుకు సబ్ మీటర్ ఉంటే యూనిట్ రేటు ఓనరు ఇష్టం, వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోత. దీని గురించి మీ పాఠకుల్లో సగం మంది నాకంటే బాగా చెప్పగలరు.

అసలు అద్దెలు ఎంతో ఎవరికీ తెలియకపోవడానికి ఒక కారణం మనం రాసుకునే అగ్రిమెంట్లోనే ఉంది. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా 11 నెలలకు రాసుకోవడం అలవాటైపోయింది. ఆ కాగితం ఓనరు బీరువాలో ఒకటి, మన ఫైల్లో ఒకటి ఉంటుంది, మూడో మనిషి చూడడు. అందుకే ఇంటి అమ్మకం ధరకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏదో ఒక ఆధారం దొరుకుతుంది కానీ, అద్దెకు దొరకదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీన్ని మార్చాలని చూసింది. అగ్రిమెంటు రాసుకున్న రెండు నెలల్లోగా ఇద్దరూ కలిసి అద్దె అధికారికి తెలియజేయాలి, ఆ అధికారి దానికో నంబరిచ్చి వివరాలను రాష్ట్ర భాషలో వెబ్‌సైట్‌లో పెట్టాలి అని అందులో ఉంది. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని కూడా ఉంది. అందరూ ఆ అడ్వాన్సు మాటే పట్టుకున్నారు. నాకు మాత్రం వెబ్‌సైట్ మాటే ముఖ్యం అనిపించింది. కాకపోతే అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుని నడిపిస్తేనే పనికొస్తుంది.

మా తమ్ముడు చదువుకోవడానికి జర్మనీ వెళ్లాడు. వాడుండేదీ మధ్యతరహా నగరమే. 50 వేలు దాటిన జనాభా ఉన్న ప్రతి ఊరూ అద్దెల పట్టిక తయారు చేసి తీరాలని 2021లో అక్కడ చట్టం తెచ్చారు. ఇంటి విస్తీర్ణం, కట్టిన సంవత్సరం, పేట, సౌకర్యాలు చూసుకుంటే అలాంటి ఇంటికి మామూలుగా ఎంత అద్దె ఉందో తెలుస్తుంది. ఓనరు అడిగే అంకెలు కావు అవి, గత ఆరేళ్లలో నిజంగా కుదిరిన, మారిన అద్దెల నుంచి తీసినవి. బ్రోకర్‌ను పెట్టుకున్నవాళ్లే అతని ఫీజు ఇవ్వాలన్న నియమం కూడా 2015 నుంచి ఉంది. అలాగని అక్కడ అద్దిళ్లు చవకగా దొరికిపోతున్నాయని కాదు. వాడూ గది కోసం బాగానే తిరిగాడు. పట్టిక ఇళ్లను పుట్టించదు. కానీ "ఇది ఎక్కువండీ" అని చెప్పేటప్పుడు వాడి చేతిలో ఒక కాగితం ఉంది. నా చేతిలో, మెట్ల దగ్గర ఒకావిడ చెవిలో చెప్పిన మాట తప్ప ఏమీ లేదు, అదీ ఆవిడ పేరు ఎత్తకూడని మాట.

ఈ విషయం మా ల్యాబ్‌లో అంటే ఒక సహోద్యోగి "అద్దెలు బయటపెడితే, తక్కువ తీసుకునే ఓనర్లు కూడా పెంచేస్తారు" అన్నాడు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. కొందరు పెంచుతారు కూడా. కానీ వాళ్లకు ఇప్పుడు మాత్రం తెలియదా? బ్రోకర్ ఉన్నాడు, పక్కింటాయన ఉన్నాడు, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపు ఉంది. అమెరికాలో ఈ వ్యవహారం సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లింది. ఓనర్లు ఒకరికొకరు పోటీ పడాల్సింది పోయి, తమ రహస్య అద్దె వివరాలన్నీ ఒకే ప్రోగ్రాముకిచ్చి అది చెప్పిన అంకెలతో అద్దెలు పెంచుకుంటున్నారని ఆరోపిస్తూ 2024 ఆగస్టులో అక్కడి న్యాయశాఖ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీపై కేసు వేసింది. అద్దెకిచ్చేవాళ్ల మధ్య సమాచారం ఎలాగూ తిరుగుతుంది, దాన్ని ఆపడం మన వల్ల కాదు. అద్దెకుండేవాళ్లకూ తెలిస్తే బేరం ఇద్దరి మధ్య జరుగుతుంది.

చట్టం ఎప్పుడు అమలవుతుందో, మున్సిపాలిటీ ఎప్పుడు పట్టిక వేస్తుందో అని నేను కూర్చోదలచుకోలేదు. రియల్ ఎస్టేట్ పేజీలో నెలకోసారి అర కాలమ్ ఇవ్వండి. పాఠకులు తాము నిజంగా కడుతున్న అద్దెలు పంపుతారు. అడుగుతున్న అద్దె వద్దు, కడుతున్నదే కావాలి. పేట పేరు, గదులు ఎన్ని, ఏ అంతస్తు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, మెయింటెనెన్స్‌తో కలిపి నెలకు ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది. ఇవి చాలు. ఓనర్ల పేర్లు, ఇంటి నంబర్లు వేయకండి. పంపేవాళ్ల పేర్లు అసలే వద్దు, లేకపోతే ఒక్క ఉత్తరం కూడా రాదు. దొంగ అంకెలు పంపే బ్రోకర్లు ఉంటారు కాబట్టి రసీదో, బ్యాంకు ఎంట్రీయో మీ ఆఫీసు వరకు చూపించమనండి. మొదటి రెండు మూడు నెలలు అంకెలు పలచగానే ఉంటాయి. ఒక పేట నుంచి కనీసం అయిదారు వచ్చేదాకా ఆ పేటది వేయకండి, ఒక్క అంకె వేస్తే అది మళ్లీ పుకారే అవుతుంది.

నాది కింది అంతస్తు, రెండు గదులు, అమ్మ మోకాళ్లకు మెట్ల బాధ లేదు. పేట పేరు, అద్దె అంకె, కిందటి నెల రసీదు నకలు ఈ ఉత్తరంతోపాటు వేరే కవరులో పెట్టి పంపుతున్నాను. అది అచ్చులో వేయడానికి కాదు, మీ ఫైలుకు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్