పొందూరు పేరు చెప్పి అమ్మిన మిల్లు దుప్పట్లపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మా అమ్మాయి పెళ్ళి సారెలో పెట్టడానికి విశాఖపట్నం ద్వారకానగర్‌లోని మీ షోరూములో డబుల్‌కాట్ దుప్పట్లు, దిండు గలీబుల సెట్టు కొన్నాను. పెట్టె మీద ‘పొందూరు ఖాదీ వారసత్వం’ అని ఉంది. లోపలి చిన్న పుస్తకంలో రాట్నం వడుకుతున్న ఒక పెద్దావిడ ఫోటో కూడా వేశారు. మామూలు దుప్పట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువైన ఆ ధరను ఆ మాటలు నమ్మే చెల్లించాను.

ఇంటికి వచ్చాక అంచులు చూస్తే అసలు సంగతి తెలిసింది. చేమగ్గం మీద అడ్డపోగును మోసుకెళ్ళే నాడె అటూ ఇటూ తిరుగుతుంది కనుక పేక నూలు, అంటే ఆ అడ్డపోగు, అంచు దగ్గర తెగకుండా మళ్ళీ వెనక్కి వస్తుంది. మీ దుప్పటికి రెండు వైపులా పేక పోగులు తెగి, ఊడిపోకుండా వేరే దారంతో బిగించి ఉన్నాయి. ఇది నాడె లేని మిల్లు మగ్గాల పద్ధతి. ఖాదీ మార్కు గానీ, చేనేత మార్కు గానీ ఎక్కడా లేవు. షోరూములో అడిగితే, పొందూరు నుంచి స్ఫూర్తి మాత్రమే పొందామని జవాబిచ్చారు. ఆ మాట పెట్టె మీద ఎందుకు లేదు?

శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్నటి నూలు వడికేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ వడుకులోని నేర్పు వల్లనే ఆ బట్టకు పేరు వచ్చింది. మీ దుప్పట్లలో ఆ చేతుల పని ఒక్క పోగైనా లేనప్పుడు, ఆ పేరు మీద వచ్చే డబ్బు మీకు ఎలా చెందుతుంది? మిల్లు బట్టను నేను తక్కువ చేయడం లేదు. మిల్లుదని చెప్పి మిల్లు ధరకే అమ్మి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

2013 నాటి ఖాదీ మార్కు నిబంధనల ప్రకారం ఆ మార్కు లేని బట్టను ఖాదీగా అమ్మకూడదు. తప్పుదారి పట్టించే ప్రకటనలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిషేధిస్తోంది.

కాబట్టి సెట్టు వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలనీ, పెట్టెల మీద పొందూరు పేరునూ, ఆ ఫోటోనూ తొలగించి, బట్ట ఎక్కడ, ఏ మగ్గం మీద నేసినదో అచ్చు వేయాలనీ కోరుతున్నాను. ముప్పై రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం రాకపోతే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు నకలు, అంచుల ఫోటోలు జత చేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం