కడప చెరువుకట్ట కబుర్లు, బాషాకు

ఒరేయ్ బాషా,

మొన్న ఫోన్‌లో "ఊరు శానా మారిందంట కదరా" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే డ్యూటీ టైమైందని పెట్టేశావు. అది రెండు ముక్కల్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నా, శుక్రవారం సెలవే కదా, తీరిగ్గా చదువుకో.

మారింది, నిజంగానే మారింది. 2023 జులైలో రాజీవ్ మార్గ్, రాజీవ్ పార్కు ఒకే రోజు ప్రారంభించారు. మన చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ సాయంత్రం బయటికి పోవాలంటే ఏముండేది, సినిమా, లేదంటే పెద్ద దర్గా, లేదంటే గుడి. డబ్బులు ఖర్చు పెట్టకుండా ఊరక నడవడానికి, కూర్చోవడానికి ఒక చోటు ఉండడం ఎంత అవసరమో మా ఆవిడకు షుగర్ వచ్చాకే తెలిసింది నాకు. ఇప్పుడు పక్కింటి అక్కనూ ఎదురింటి పెద్దమ్మనూ వెంటేసుకుని రోజూ పోతుంది, నేను రాకపోయినా పర్వాలేదంట!

నాకు మాత్రం దేవుని కడప చెరువే. సుందరీకరణ పనులు మొదలైనప్పటి నుంచి అటు వచ్చే జనం బాగా పెరిగారు. పొద్దున ఎండ ముదరకముందే పోవాలి, మన కడప ఎండ నీకు చెప్పేదేముంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పాలకొండల మీది నుంచి వచ్చే గాలి ఆ నీళ్ల మీదుగా మొహానికి తగిలితే ఉంటుంది చూడు, ఏసీ గదిలో అది దొరకదు. కట్ట దగ్గర ఒకావిడ ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతుంది, మూత తీయగానే ఉప్పు ఆవిరి గుప్పుమంటుంది, పొట్లం కట్టే ముందు ఒక కాయ చిదిమి మన చేతిలో పెట్టి "ఉప్పు సాలుతాదా చూడన్నా" అంటుంది. అవి తిని, ఇంటికొస్తూ ఎర్రకారం దోశ కూడా తిన్నాక ఇంక నడిచిన లాభం ఏముందని మా ఆవిడ గొడవ.

ఉగాది గురించి చెప్పాలి. ఈసారి కూడా మీ అమ్మ పొద్దున్నే దేవుని కడప వెంకన్న గుడికి వచ్చింది, వెంకన్నను పెళ్లాడిన బీబీ నాంచారమ్మ మా ముస్లింల ఆడపడుచు కదా, అల్లుడికి పండగ పెట్టకుంటే ఎట్లా అంటుంది ఎప్పటిలాగే. బియ్యం, బెల్లం, చింతపండు అన్నీ తెచ్చింది. ఆ వరసలో బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు, పట్టుచీరల వాళ్లు కలిసి నిలబడి ఉంటే, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు తీస్తున్నారు, మనకేమో అది వింతే కాదు. దర్శనం అయ్యాక నేనే పట్టుకుని నడిపించా, చెరువు చూసి "బాషా చూస్తే ఎంత సంబరపడతాడో" అంది. కళ్లు బాగానే ఉన్నాయి, మోకాళ్లే కొంచెం ఇబ్బంది.

ఇంతా చెప్పి ఒక బాధ కూడా చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. అందరూ లైట్ల గురించి, ఫౌంటెన్ల గురించి, బోటింగు గురించి మాట్లాడతారు, చెరువులోకి నీళ్లు ఏ దారిన వస్తాయని అడిగేవాళ్లు తక్కువ. మన బుగ్గవంకను చూడు, పాలకొండల్లో పుట్టి ఊరి నడుమ పారి పెన్నలో కలిసే వాగు. 2020 నవంబర్‌లో నివర్ తుఫానుకు అది పొంగి మా చిన్నాన్న ఇంట్లో మోకాళ్ల లోతు నీళ్లు, రాత్రికి రాత్రి సామాను మిద్దెకెక్కించాం. వాగుకు చోటు లేకుండా చేస్తే అది మన ఇళ్లలోనే చోటు చూసుకుంటుంది.

మన జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది కదా, 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. ఆ చెరువు కట్టడానికి రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో రాశారు. అంతకంటే నన్ను ఆపేసింది ఇంకొకటి, మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు లెక్కలు చెప్పి, ఆపైన ఆరు దోషాలు చెప్పారు. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, నడుమ మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల చాలక నీళ్లు ఎక్కువ కావడం, ఇట్లాంటివి. ఆ కాలంలోనే అంత ఆలోచించారు రా! మన పార్కుల ప్లాన్లు వేసేవాళ్లు ముందు వంకలు, కాలువలు కొలిచి, వాటి దారి వదిలి, పూడిక తీసి, ఆ తర్వాత లైట్లు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. చెరువు నిండితేనే కదా చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఉండేది. ఈ మాటే మా వీధిలో పెద్దల చేత సంతకాలు పెట్టించి అర్జీ రాస్తున్నాం, నీ పేరు కూడా రాయమంటావా? ఇల్లు ఇక్కడే ఉంది కదా, నీకూ హక్కుంది.

సరే, వచ్చే ఉగాదికి సెలవు ఇప్పటి నుంచే అడుగు. మీ అమ్మ మోకాళ్లకు డాక్టరు రాసిచ్చిన మాత్రల పేరు వాట్సాప్‌లో పంపిస్తా, అక్కడ దొరికితే తీసుకురా. అర్జీ సంగతి మాత్రం ఆదివారంలోపు చెప్పు.

నీ
రమణ